బిడ్డకి క్యాన్సర్ అన్నాక: సరిహద్దు ఊళ్ల అమ్మానాన్నలు ఏం చేయాలి, ఎలా తట్టుకోవాలి

మా వాడికి ఆరేళ్లప్పుడు రక్త క్యాన్సర్ అని తేలింది. ఇప్పుడు పదో తరగతి చదువుతున్నాడు. మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, వైద్యం విశాఖలో జరిగింది. ఆ మధ్య గుణుపూర్ నుంచి ఒకావిడ ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "అక్కా, మా పాపకి కూడా అదేనట. రేపు పొద్దున్న ఏం చేయాలి?" అని అడిగింది. ఆ రాత్రి ఆవిడకి చెప్పినవి, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందుల విషయంలో మీ డాక్టర్ మాటే వినండి.

ముందుగా ఒక మాట. మేం చేసిన పెద్ద పొరపాటు, ఉన్నదంతా మొదటి నెలలోనే ఖర్చు పెట్టేయడం. డబ్బు, ఒంట్లో ఓపిక, చుట్టాల సాయం, చివరికి ఏడుపు కూడా. పెళ్లి పనికి పరిగెత్తినట్టు పరిగెత్తాం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌ని ఏఎల్ఎల్ అంటారు. దాని వైద్యం రెండు నుంచి మూడేళ్లు నడుస్తుంది. అది మాకు రెండో నెలలో అర్థమైంది. అప్పటికే నా గాజులు వచ్చిన ధరకి అమ్మేశాం, మా ఆయన కొట్టు మూసేశాడు, మా తమ్ముడు సెలవులన్నీ వాడేసుకున్నాడు. కింద రాసిన ప్రతి పనినీ మూడేళ్ల లెక్కలో చూసుకోండి.

మొదటి పని: జబ్బు పేరు రాయించుకోండి

"బ్లడ్ క్యాన్సర్" అన్నది పూర్తి పేరు కాదు. ఏ రకం, ఏ దశ, ఏ రిస్కు గుంపు (జబ్బు తిరిగొచ్చే ప్రమాదం ఎంతన్నది), మొత్తం వైద్యం ఎన్ని నెలలు, అందులో ఆసుపత్రిలో ఉండాల్సింది ఎంత, ఇంటి నుంచి వచ్చిపోవచ్చేది ఎంత? ఈ ఆరూ కాగితం మీద రాసి ఇమ్మని డాక్టర్‌ని అడగండి. ఆ గదిలో మనకి చెవులు పనిచేయవు. "క్యాన్సర్" అన్న మాట తర్వాత డాక్టర్ ఇరవై నిమిషాలు మాట్లాడారట, నాకు ఒక్క ముక్క గుర్తులేదు. కాస్త గుండె గట్టి మనిషిని, మేనమామనో బాబాయినో, వెంట తీసుకెళ్లి రాసుకోమనండి. ఫోన్‌లో రికార్డు చేసుకుంటామని అడిగినా చాలామంది డాక్టర్లు సరేనంటారు.

మా వాడికి మొదట్లో రెండు నెలలు వదలని జ్వరం, మొహం పాలిపోవడం, కాళ్ల నొప్పులు. "రక్తం తక్కువుంది" అని ఒకచోట టానిక్కులు ఇచ్చారు. తర్వాత ఇంకోచోట, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పిల్లల క్యాన్సర్ డాక్టరే లేకుండా పన్నెండు రోజులు ఉంచుకున్నారు. ఆ కోపం ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను, పిల్లల క్యాన్సర్‌కి విడిగా విభాగం ఉన్నచోటికే వెళ్లండి. మన వైపు నుంచి వెళ్లదగ్గవి కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. ముంబై టాటా ఆసుపత్రి పేరు అందరూ చెబుతారు. మంచిదే, కానీ మూడేళ్లు వచ్చిపోగలరా అన్నది ముందు చూసుకోండి. ఒకే పద్ధతిలో వైద్యం చేసే దగ్గరి ఆసుపత్రి దొరికితే, పేరున్న దూరం కన్నా అదే మేలని నా అభిప్రాయం. ముంబై వెళ్లి మూడో నెలలో అలసిపోయి తిరిగొచ్చిన కుటుంబాలను చూశాను.

రెండో పని: ఇంటిపేరు తగువు తీర్చండి

నవ్వకండి, మాకు వారం రోజులు పోయింది దీనివల్లే. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర. బడిలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, జనన ధ్రువపత్రంలో ఒడియా గుమాస్తా రాసినట్టు ఇంకోలా. మూడు పేర్లతో ముగ్గురు పిల్లలైపోయాడు మా వాడు. ఆసుపత్రిలో మొదటి చీటీ రాయించేటప్పుడే ఆధార్‌లో ఏ అక్షరాలున్నాయో అవే రాయించండి. రేషన్ కార్డులో పిల్లాడి పేరు ఎక్కిందో లేదో ఆ రోజే చూసుకోండి.

డబ్బు సంగతి. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. మన దగ్గర దాన్ని గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి ఇస్తున్నారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, ఆడవాళ్లకి అదనంగా ఇంకో 5 లక్షలు. కార్డు ఒడిశాదైనా, పథకంలో చేరిన బయటి రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అందుకని అడ్మిషన్‌కి ముందే ఆరోగ్య మిత్ర కౌంటర్‌కి వెళ్లి అడగండి: ఈ ఆసుపత్రి జాబితాలో ఉందా, ఈ జబ్బుకి ఇస్తారా, మందులకేనా, పరీక్షలకి కూడానా? 14555కి ఫోన్ చేసి కూడా కనుక్కోవచ్చు. "టెక్కలిలో మీ అన్నయ్య రేషన్ కార్డులో పిల్లాడిని చేర్చేయండి, ఆంధ్రా పథకంలో ఫ్రీగా అయిపోతుంది" అని చెప్పేవాళ్లు ఊరికొకరు ఉంటారు. వినకండి. మధ్యలో దొరికితే వైద్యం ఆగేది మీ బిడ్డకే.

రైలుకి కూడా రాయితీ ఉంది, చాలామందికి తెలియదు. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం. ఆసుపత్రి డాక్టర్ సంతకం చేసిన ఫారం స్టేషన్ కౌంటర్‌లో చూపించాలి. పెద్ద నగరాల్లో వైద్యమైతే ఉచితంగా ఉండే చోటు కోసం సెయింట్ జూడ్స్ కేంద్రాల గురించి, మిగతా సాయాలకి క్యాన్‌కిడ్స్ సంస్థ గురించి ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌ని అడగండి. గాజులు అమ్మడం ఇవన్నీ అడిగాకే.

ఇక చుట్టాల సాయం. మొదటి వారం అందరూ యాభై వేలు, పాతిక వేలు తెచ్చి చేతిలో పెడతారు. ఆరో నెలకి ఎవరూ ఉండరు, అది వాళ్ల తప్పు కూడా కాదు. "ఇప్పుడొద్దు బావగారూ, నెలకి రెండు వేలు చొప్పున ఏడాది పంపండి" అని అడగడం నేర్చుకోండి. మొదట సిగ్గేస్తుంది. నెలనెలా వచ్చే ఆ రెండు వేలే ఇంటిని నిలబెట్టింది.

మూడో పని: "నా వల్లేనా" అన్న ప్రశ్నని డాక్టర్ చేత కొట్టేయించండి

మా అత్తగారు ఏమన్నారో చెప్పనా? కడుపుతో ఉన్నప్పుడు నేను గ్రహణం నాడు పెరట్లోకి వెళ్లానట. మా ఆయనేమో కొట్టులో పురుగుల మందు డబ్బాలు పెట్టినందుకేనని లోలోపల కుమిలిపోతున్నాడు. నేను, వాడు అన్నం తినకపోతే బిస్కెట్లిచ్చి పెంచానే అని. ముగ్గురం మూడు నేరాలు మోస్తూ ఒకే గదిలో పడుకున్నాం.

పిల్లల క్యాన్సర్లలో ఎక్కువ వాటికి కారణం తెలియదు. కొద్దిమందిలో పుట్టుకతో వచ్చిన జన్యువుల పాత్ర ఉంటుంది. పెద్దవాళ్ల క్యాన్సర్ పొగాకు లాంటి అలవాట్లతో ముడిపడినట్టు ఇది ముడిపడి ఉండదు. అంటుకోదు కూడా, ఒకే కంచంలో తిన్నా సరే. ఇది మీరు చెబితే ఇంట్లో ఎవరూ నమ్మరు. ఓపీ రోజున అత్తగారిని వెంట తీసుకెళ్లి డాక్టర్ నోటితో చెప్పించండి. మా అత్తగారు ఆ రోజు తిరుగు ప్రయాణంలో నా చేయి పట్టుకుని కూర్చున్నారు. క్షమించమని అనలేదనుకోండి, ఆవిడ అలాంటి మనిషి కాదు.

మొక్కులు మొక్కుకోండి. రాయగడ మజ్జిగౌరమ్మకి మేమూ మొక్కుకున్నాం. కానీ పసరు మందు, నాటు వైద్యం, "మూడు పూటలకే క్యాన్సర్ మాయం" పొడులు మాత్రం కీమోతో (క్యాన్సర్ కణాలను చంపే మందులతో) పాటు కూడా ఇవ్వకండి, లివర్ మీద పడుతుంది. ఎవరైనా తెచ్చిపెడితే తీసుకుని, దండం పెట్టి, పక్కన పెట్టేయండి. వాదించడానికి ఓపిక ఖర్చు చేయొద్దు.

నాలుగో పని: బిడ్డకి నిజం చెప్పండి, వాడి భాషలో

మేం చెప్పలేదు. "జ్వరం నాన్నా, తగ్గిపోతుంది" అన్నాం. వార్డులో గుణుపూర్ వైపు నుంచి వచ్చిన ఒక ఒడియా నర్సు ఉండేది. మా వాడిది ఒడియా బడి కదా, ఆమెతో ఒడియాలో గలగలా మాట్లాడేవాడు. ఒకరోజు ఆమె నన్ను పక్కకి పిలిచి చెప్పింది. వాడు అక్కని తోసేస్తే ఆమె మోకాలికి దెబ్బ తగిలిందట, అందుకే దేవుడు తనకి సూదులు వేయిస్తున్నాడని అనుకుంటున్నాడట. వెన్నులో సూది వేసేటప్పుడు కిక్కురుమనకుండా పడుకునేది అందుకు. మేమేమో ధైర్యవంతుడని మురిసిపోయాం.

ఐదు నుంచి పదేళ్ల పిల్లలు ఇలా అనుకోవడం మామూలేనట. కాబట్టి మూడు మాటలు తప్పకుండా చెప్పండి: ఇది నీ తప్పు వల్ల రాలేదు, ఇది ఎవరికీ అంటుకోదు, అమ్మో నాన్నో ఎవరో ఒకరు ఎప్పుడూ నీ దగ్గరే ఉంటారు. జబ్బు పేరు చెప్పండి. వార్డులో గోడ మీద రాసే ఉంటుంది, పక్క మంచం పిల్లాడు ఎలాగూ చెబుతాడు. ఇంకా చిన్న పిల్లలకి పేరు అక్కర్లేదు, ఈ రోజు సూది ఉందా లేదా అన్నది చెబితే చాలు. "నొప్పి ఉండదు" అని మాత్రం అబద్ధం చెప్పకండి, ఒక్కసారి దొరికితే తర్వాత మందు మింగించడం కూడా కష్టం. పన్నెండు దాటిన పిల్లలైతే డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

జుట్టు రాలుతుంది. ఈ ఒక్క విషయంలో మన ప్రాంతం మనకి సాయం చేసింది. గుండు చూసి ఎవరూ జాలిపడలేదు, "ఏ మొక్కు, తిరుపతా?" అని అడిగారు. మా వాడు గర్వంగా "మజ్జిగౌరమ్మ" అనేవాడు. ఆడపిల్లలకి ఇంత తేలిక కాదు, స్కార్ఫు ముందే కొని ఉంచండి. జుట్టు మళ్లీ వస్తుంది.

ఐదో పని: జ్వరం ప్లాను (ఇది చదవకుండా వదలొద్దు)

కీమో తర్వాత తెల్ల కణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి, చంక కింద పెట్టి చూడాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. పారాసిటమాల్ వేసి "తగ్గిందిలే" అనుకోవద్దు. మందు జ్వరాన్ని దాచేస్తుంది, ఇన్ఫెక్షన్ లోపలే ఉంటుంది. ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

మన చిక్కు దూరం. పర్లాకిమిడి నుంచో గుణుపూర్ నుంచో విశాఖకి రాత్రిపూట చేరడానికి గంటలు పడుతుంది, ఇలాంటప్పుడు యాంటీబయాటిక్ సూది గంటలోపు పడాలంటారు. అందుకని డిశ్చార్జి రోజునే డాక్టర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి: "ఈ బిడ్డ కీమోలో ఉంది, జ్వరం వస్తే వెంటనే రక్త పరీక్ష చేసి, ఫలానా మందు మొదటి డోసు ఇచ్చి, మాకు పంపండి." దాన్ని మీ జిల్లా ఆసుపత్రి పిల్లల డాక్టర్‌కి ముందే చూపించి పరిచయం చేసుకోండి. బరంపురం చుట్టుపక్కల వాళ్లయితే అక్కడి ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో. కారు డ్రైవర్ నంబరు, నాలుగు వేలు నగదు, ఫైలు జిరాక్సు ఒకే సంచిలో తలుపు వెనక వేలాడాలి. మాకు ఆ సంచి నాలుగుసార్లు పనికొచ్చింది.

ఊళ్లో ఆర్‌ఎంపీ చేత కండకి సూది వేయించొద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు సూది పడ్డచోట లోపల రక్తం కారడం ఆగక గడ్డలా పేరుకుంటుంది. నొప్పికి ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. చుట్టుపక్కల ఎవరికైనా అమ్మవారు పోసిందని తెలిస్తే, మీ బిడ్డ వాళ్లతో ఆడి ఉంటే, ఒంటి మీద పొక్కు కనిపించకపోయినా ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. మన ఊళ్లలో అమ్మవారికి మందు వాడకూడదంటారు. ఈ బిడ్డ విషయంలో ఆ పట్టింపు పనికిరాదు, ప్రాణం పోతుంది. పోలియో చుక్కలు సహా ఏ టీకా అయినా, ఇంట్లో మిగతా పిల్లలకి వేయించే ముందు కూడా, ఒకమాట అడగండి.

తిండి విషయంలో సూత్రం ఒక్కటే, అప్పటికప్పుడు వండినది, వేడిగా. చద్దన్నం, పఖాళ, నిన్నటి పప్పు, బండి మీద చాట్, కోసి పెట్టిన పళ్లు వద్దు. పూరీ నుంచి మహాప్రసాదం తెస్తారు, కాదనలేం. బిడ్డ కళ్లకి అద్ది పెద్దవాళ్లు తినండి. స్టెరాయిడ్లు వాడే మొదటి నెలలో వాడు రాత్రి రెండింటికి లేచి ఉప్మా కావాలని ఏడుస్తాడు, పెట్టకపోతే కొడతాడు. అది మందు చేసే పని. వాడి గుణం మారిపోయిందని భయపడకండి.

ఆరో పని: బాగున్నప్పుడు ఆపకండి

ఏఎల్ఎల్‌లో మొదటి నెల మందులకే చాలామంది పిల్లల రక్తంలో క్యాన్సర్ కణాలు కనిపించకుండా పోతాయి. బిడ్డ ఆడుకుంటాడు, బుగ్గలొస్తాయి. "ఇంకెందుకు ఈ విషం" అని ఇంట్లో మొదలవుతుంది. వరికోతలు, పెళ్లిళ్లు, పరీక్షలు అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. కనిపించని కణాలు ఇంకా ఉంటాయి. అక్కడ ఆపితే జబ్బు తిరిగొస్తుంది, రెండోసారి వచ్చింది మొదటిదానంత తేలిగ్గా లొంగదు. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బాగుపడుతుంటే చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా బాగుపడటం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకు అది చూపే కారణాల్లో వైద్యం మధ్యలో ఆపేయడం ఒకటి.

తర్వాత వచ్చే మెయింటెనెన్స్ దశలో మందులు ఎక్కువగా ఇంట్లోనే. ఒక మాత్ర రోజూ రాత్రి, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కరోజే. ఇది రోజూ వేస్తే ప్రమాదం. తిథుల క్యాలెండర్‌లో ప్రతి సోమవారానికి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను, మాత్ర వేశాక సున్నా కొట్టేసేదాన్ని. నాయనమ్మ వేసినా మా ఆయన వేసినా అదే క్యాలెండర్, అదే పెన్ను.

ఈ దశలోనే బడికి పంపొచ్చు. హెడ్మాస్టర్‌ని కలిసి ఒక్క విషయం అడగండి, క్లాసులో ఎవరికైనా పొక్కులొస్తే మీకు ఫోన్ చేయమని.

ఏడో పని: మీ ఇద్దరూ, ఇంకో బిడ్డా

తల్లి ఆసుపత్రిలో, తండ్రి కొట్టులో. మన వైపు ఇళ్లన్నీ ఇలాగే చీలతాయి. ఆయన ఫోన్ చేసి "ఎంతయింది?" అని మాత్రమే అడిగేవాడు. బిడ్డ మీద ప్రేమ లేదనుకున్నాను. తర్వాత ఆయన గోడౌన్‌లో బస్తాల వెనక ఏడవడం మా మరిది చూసి చెప్పాడు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం: రాత్రి ఫోన్‌లో ముందు డబ్బు, మందులు, తర్వాత కనీసం ఐదు నిమిషాలు జబ్బు ఊసు లేని మాట ఏదైనా. నెలకి రెండు రోజులు స్థానాలు మార్చుకున్నాం. ఆయన వార్డులో పడుకుంటే నేను ఇంటికొచ్చి తలస్నానం చేసి నిద్రపోయాను. వాడికి తెలియకుండా ఏడవడానికి కూడా ఆ రెండు రోజులే.

నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పిచ్చివాళ్లకేమో అనుకుని నేను అలాంటి సాయం అడగడానికి చాలా ఆలస్యం చేశాను.

మా పాపని టెక్కలిలో అమ్మమ్మ దగ్గర వదిలేశాం. తొమ్మిదేళ్లు. మూడో నెలలో దానికీ కాళ్ల నొప్పులు మొదలయ్యాయి, పరీక్షల్లో ఏమీ లేదు. జబ్బు చేస్తే తప్ప అమ్మ కనిపించదని దానికి అర్థమైంది పాపం. వారానికోసారైనా దాన్ని వార్డు బయటికి రప్పించండి, తమ్ముడికి ఇవ్వాల్సిన పనేదో చెప్పండి. మా పాప ఒడియా పాఠాలు రాసి తెచ్చేది.

మందు పనిచేయకపోతే

కొందరికి జబ్బు తిరిగొస్తుంది, కొందరికి మందు పనిచేయదు. గుణుపూర్ ఆవిడ ఇది కూడా అడిగింది, నేను దాటేయలేదు. అప్పుడు డాక్టర్‌ని సూటిగా అడగండి: ఇక ఇచ్చే మందు బాగుచేయడానికా, బాధ తగ్గించడానికా? జబ్బుకి మందు అయిపోయినా నొప్పికి మందు ఉంటుంది, మార్ఫిన్ పిల్లలకీ ఇస్తారు. ఇంట్లో, సొంత మంచం మీద, నొప్పి లేకుండా ఉంచడానికి ఏమేం కావాలో రాయించుకోండి. ఇల్లు అమ్మి ఇంకో నగరానికి పరిగెత్తే ముందు ఒక్క రాత్రి ఆగండి. మా పక్క మంచం కుటుంబం అలా ఆగింది. పాప తన పుట్టినరోజు ఇంట్లో చేసుకుంది.

వైద్యం పూర్తయ్యాక

ఆఖరి మాత్ర రోజున మేం లడ్డూలు పంచాం, ఆ రాత్రి నాకు అస్సలు నిద్ర పట్టలేదు. మందు ఉన్నన్నాళ్లూ ఏదో చేస్తున్నామన్న ధైర్యం ఉండేది. ఇలా అనిపించడం మామూలేనని తర్వాత వేరే తల్లులు చెప్పారు. ఏ కీమో మందు మొత్తం ఎంత ఇచ్చారో ఒక పేజీలో రాసి ఇమ్మని అడగండి. కొన్ని మందులు గుండె మీద, ఎదుగుదల మీద ఏళ్ల తర్వాత ప్రభావం చూపిస్తాయి కాబట్టి రేపు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ పేజీ కావాలి. ఆపేసిన టీకాలు మళ్లీ ఎప్పుడు వేయించాలో కూడా అందులోనే రాయించండి. లామినేషన్ చేయించి ఒకటి ఇంట్లో, ఒకటి టెక్కలిలో పెట్టాం. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాను, ఇంటిపేరు ముందు.